ఉత్పత్తి నిలిచిన కారు: బ్రేకు భాగాల అన్వేషణ

కారు కొనేవారు దాని వేగాన్ని గురించి అడుగుతారు. పెట్రోలు ఎంత తాగుతుందని అడుగుతారు. రంగును గురించీ, సీట్లను గురించీ అడుగుతారు. అది ఎంత దూరంలో ఆగుతుందని అడిగేవారు అరుదు. పరుగెత్తించడమే కష్టమనీ, ఆగడం దానంతటదే జరిగిపోతుందనీ మన భావన. వాస్తవం ఇందుకు విరుద్ధం. కదిలే వస్తువు తనంతట తాను ఆగదు, దానిని ఆపవలెను. ఆపే పని చేసే భాగాలు అరిగిపోయి, వాటి స్థానంలో పెట్టవలసినవి అంగడిలో దొరకనప్పుడు ఆ కారు యజమాని ఏమి చేయవలెను? ఏమి చేయకూడదు? ఈ ప్రసంగంలో విచారించదలచినది ఈ విషయాన్నే.

ఇది కొద్దిమంది వేడుకగాండ్రకు మాత్రమే సంబంధించిన సమస్య కాదు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును నమూనాగా గ్రహించి హిందూస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడా కర్మాగారంలో 1957లో అంబాసిడర్ కారును ప్రారంభించింది. అర్ధ శతాబ్దానికి పైగా మన రోడ్లను ఏలిన ఆ కారు ఉత్పత్తి 2014 మే నెలలో నిలిచిపోయింది. ఇటలీలోని ఫియట్ 1100 నమూనాతో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు తయారు చేసిన పద్మిని అంతకు చాలా ముందే కర్మాగారం నుండి సెలవు తీసుకున్నది. బొంబాయి నగరంలో పద్మిని టాక్సీల శకం కూడా 2023 అక్టోబరుతో ముగిసింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కథ మరింత పాతది. అయినప్పటికీ ఈ కార్లు పూర్తిగా కనుమరుగు కాలేదు. తండ్రి కొన్న కారని ఒకరు, తాతగారు డాక్టరుగా పల్లెలు తిరిగిన కారని మరొకరు వాటిని షెడ్డులో భద్రపరచుకొని, పండుగకో పెండ్లికో బయటకు తీస్తూనే ఉన్నారు. వాటిలో మనుమలనూ మనుమరాండ్రనూ ఎక్కించుకొని తిప్పుతూనే ఉన్నారు. కావున వాటి బ్రేకుల విషయం ఆ కుటుంబాల క్షేమానికీ, రోడ్డు మీద ఎదురుగా వచ్చే వారి క్షేమానికీ సంబంధించిన విషయం.

ముందుగా బ్రేకులు మోసే భారం ఎంతటిదో ఒక చిన్న లెక్కతో గ్రహిద్దాము. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారులో ఉండే చలనశక్తి, అదే కారును సుమారు 14 మీటర్ల ఎత్తునుండి క్రిందికి వదిలితే నేలను తాకే సమయానికి దానికి కలిగే శక్తితో సమానం. పద్నాలుగు మీటర్లనగా నాలుగంతస్తుల మేడ ఎత్తు. ఆ శక్తినంతటినీ బ్రేకులు కొద్ది సెకండ్లలో ఉష్ణంగా మార్చి గాలిలోకి వదలవలెను. వేగం రెండింతలైతే ఈ శక్తి నాలుగింతలవుతుంది. ఇంజను చెడితే కారు ఆగిపోతుంది; బ్రేకు చెడితే కారు ఆగదు. ఈ రెండింటికీ గల తేడాను మరువకుండా ఉంటే ఇకముందు చెప్పబోయే జాగ్రత్తలన్నీ సహజంగా తోస్తాయి.

పాదం వేసిన ఒత్తిడి చక్రానికి ఎట్లా చేరుతున్నదో చూద్దాము. మూతబెట్టిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట ఒత్తిడి కలిగిస్తే, ఆ ఒత్తిడి తగ్గకుండా అన్ని దిక్కులకూ వ్యాపిస్తుందని పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ నిరూపించాడు. దీనిని కారు బ్రేకుకు అన్వయించినవారిలో ముఖ్యుడు మాల్కమ్ లోకీడ్ అనే అమెరికా దేశస్థుడు. నాలుగు చక్రాలకూ ద్రవ బ్రేకులు గల ప్రయాణికుల కారు, డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఏ, అమెరికాలో 1921లో వెలువడింది. పాత బ్రిటిష్ కార్ల బ్రేకు సిలిండర్ల మీద కనిపించే లాక్‌హీడ్ అనే పేరు ఆయనదే.

పెడలు త్రొక్కగానే మాస్టర్ సిలిండరులోని పిస్టను ద్రవాన్ని నెడుతుంది. ఆ ద్రవం సన్నని ఉక్కు గొట్టాల ద్వారా, చక్రాల దగ్గర వంగే రబ్బరు గొట్టాల ద్వారా ప్రయాణించి ప్రతి చక్రంలోని వీల్ సిలిండరును చేరుతుంది. అక్కడి పిస్టనులు అర్ధచంద్రాకారంగా ఉండే బ్రేకు షూలను వెలుపలికి నెడతాయి. షూల మీది లైనింగు తిరుగుతున్న డ్రమ్ము లోపలి గోడను ఒరసి దానిని ఆపుతుంది. తొలినాటి అంబాసిడరుకు నాలుగు చక్రాలకూ ఇటువంటి డ్రమ్ము బ్రేకులే ఉండేవి. ఆ తరం కార్లలో చాలావాటికి ద్రవమార్గం ఒక్కటే. ఎక్కడ ఏ చిన్న రబ్బరు వాషరు చినిగినా, ఏ గొట్టం పగిలినా, నాలుగు చక్రాల బ్రేకులూ ఒక్కసారిగా పోతాయి. ఈనాటి కార్లలో రెండు వేర్వేరు మార్గాలుంటాయి; ఒకటి పోయినా రెండవది సగం శక్తినైనా నిలుపుతుంది. పాత కారుకు ఆ రక్షణ లేదు. చేతి బ్రేకు ఒక్కటే దానికి మిగిలే దిక్కు.

ఇక అన్వేషణ విషయం. సాధారణంగా యజమాని అంగడికి వెళ్లి, "అంబాసిడరుకు వీల్ సిలిండరు కావలెను" అని అడుగుతాడు. పొరపాటు ఇక్కడే మొదలవుతుంది. అంబాసిడర్ అనే పేరు మీద యాభై ఏళ్లకు పైగా కార్లు వచ్చినవి. ఇంజనులు మారినవి; బ్రేకులు కూడా మారినవి. ఆఖరి దశాబ్దాలలో వచ్చిన కొన్ని రకాలకు ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు అమర్చారు. పైగా నలభై ఏళ్ల వయసున్న కారుకు ఇప్పుడున్న బ్రేకులు పుట్టుకతో వచ్చినవే అన్న నమ్మకం లేదు. మధ్యలో ఏ మేస్త్రీ ఏ కారు భాగం తెచ్చి బిగించాడో ఎవరికి ఎరుక? కావున పాత కారు బ్రేకు భాగాన్ని కారు పేరుతో కాక కొలతతో వెదకవలెను. ఈ ప్రసంగమంతటికీ ఇదే మూలసూత్రం.

ఇందులో ఒక ఓదార్పు కూడా ఉన్నది. కార్ల సంస్థలు బ్రేకులను చాలావరకు తామే తయారు చేయవు. వాటిని తయారు చేయడానికి వేరే సంస్థలుంటాయి. బ్రిటన్‌లో లాక్‌హీడ్, గర్లింగ్ వంటి సంస్థలు పలు కార్ల కంపెనీలకు బ్రేకులు సరఫరా చేసినవి. మన దేశంలో టి.వి.యస్. వారు బ్రిటన్‌కు చెందిన లూకాస్ సంస్థతో కలిసి 1962లో మద్రాసు పాడిలో బ్రేక్స్ ఇండియాను నెలకొల్పారు. ఒకే సిలిండరు, ఒకే వాషరు రెండు మూడు రకాల కార్లకూ, ఒక్కొక్కప్పుడు చిన్న వ్యాన్లకూ సరిపోవడానికి కారణమిదే. కారు పేరు అంతరించినా, దానిలోని భాగం మరొక పేరుతో ఎక్కడో బ్రతికి ఉండవచ్చు. దానిని పట్టుకోవడానికి ఆధారాలు మూడు: పాత భాగం మీద పోతపోసిన అక్షరాలూ అంకెలూ, ఆ కారు ముద్రిత విడిభాగాల కేటలాగు, వెర్నియర్ కాలిపర్‌తో తీసిన కొలత. ఈ మూడూ ఏకీభవించినప్పుడే భాగం సరియైనదని నిశ్చయించవలెను. కాబట్టి పాత భాగం ఎంత పాడైనా, క్రొత్తది వచ్చి పనిచేసేవరకు దానిని పాత ఇనుము వానికి వేయరాదు. అదే మన సాక్షి.

కొలతలో కొద్ది తేడా ఉంటే ఏమవుతుందని కొందరికి అనుమానం రావచ్చు. ఒక ఉదాహరణ చెబుతాను. బ్రిటిష్ నమూనా కార్లలో సిలిండరు లోపలి వ్యాసం అంగుళాలలో ఉంటుంది. ముప్పాతిక అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు, అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులంటే 22.22 మిల్లీమీటర్లు. రెండింటికీ తేడా మూడు మిల్లీమీటర్ల పైచిలుకు. పైనుండి చూస్తే రెండు సిలిండర్లూ కవలల వలె ఉండవచ్చు. పెడలు త్రొక్కినప్పుడు ద్రవంలో ప్రతి చదరపు సెంటీమీటరుకు 25 కిలోల ఒత్తిడి కలిగినదనుకొందాము. ముప్పాతిక అంగుళం పిస్టను షూను సుమారు 71 కిలోల బలంతో నెడుతుంది. రెండవ పిస్టను 97 కిలోల బలంతో నెడుతుంది. అనగా నూటికి 36 పాళ్లు అధికం.

అధికమైతే మంచిదే గదా అనిపించవచ్చు. అట్లా అనుకోవడం ప్రమాదకరం. బ్రేకు త్రొక్కినప్పుడు కారు బరువు ముందుకు ఒరుగుతుంది. వెనుక చక్రాల మీద భారం తగ్గుతుంది. అందువల్లనే తయారీదారులు వెనుక బ్రేకుల బలాన్ని ముందరి వాటికన్న తక్కువగా ఉంచుతారు. వెనుక పెద్ద సిలిండరు పెడితే వెనుక చక్రాలు ముందుగా బిగిసిపోయి, తడి రోడ్డు మీద కారు బొంగరం వలె తిరుగుతుంది. ఎడమవైపు ఒక కొలత, కుడివైపు మరొక కొలత పెడితే బ్రేకు వేసినప్పుడల్లా కారు ఒక ప్రక్కకు లాగుతుంది. అన్ని చక్రాలకూ పెద్దవి పెడితే, వాటిని నింపడానికి ద్రవం ఎక్కువ కావలసి వచ్చి, పెడలు మరింత లోతుకు దిగుతుంది. మూడు మిల్లీమీటర్ల తేడా ఇన్ని అనర్థాలకు దారితీస్తుంది.

మరల విషయంలోనూ ఇటువంటి మోసమే కలదు. బ్రిటిష్ నమూనా కార్లలో బ్రేకు గొట్టాల మరలు తరచుగా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల వ్యాసంతో, అంగుళానికి 24 చుట్లతో ఉంటాయి. ఇటలీ నమూనా కార్లవి మెట్రిక్ మరలు. పది మిల్లీమీటర్ల వ్యాసం, ఒక మిల్లీమీటరు చుట్టు గల మెట్రిక్ రంధ్రంలో మన బ్రిటిష్ మర తేలికగా ఎక్కుతుంది. బిగిసినట్లు కూడా తోస్తుంది. కాని ఆ మరలు పైపైన మాత్రమే పట్టుకొని ఉంటాయి. ప్రాణం మీదికి వచ్చి పెడలును గట్టిగా త్రొక్కిన రోజున అవి జారిపోతాయి. మరను చేతితో త్రిప్పినప్పుడు వదులుగా ఊగుతూ పోయినా, రెండు చుట్లకే మొండికేసినా అది మన మర కాదని గ్రహించవలెను.

ఇక భాగాలను మూడు తరగతులుగా విభజించుకొంటే, వేటిని పాతవి వాడవచ్చు, వేటిని క్రొత్తవే కొనవలెను అన్నది సులభంగా తేలుతుంది. ఇనుముతో చేసినవి మొదటి తరగతి, రబ్బరువి రెండవది, ఒరపిడి భాగాలైన లైనింగులు మూడవది.

ఇనుప భాగాలకు వయసు శత్రువు కాదు. తుప్పూ, అరుగుదలా శత్రువులు. ముప్పై ఏళ్లుగా నూనె కాగితంలో చుట్టి అటక మీద ఉన్న వాడని సిలిండరు దొరికితే అది అదృష్టమే. దొరకనప్పుడు పాతదానినే పునరుద్ధరించే మార్గమున్నది. సిలిండరు లోపలి గోడకు తుప్పు గుంటలు పడితే, దానిని బోరింగు చేసి, ఇత్తడి గాని స్టెయిన్‌లెస్ స్టీలు గాని గొట్టాన్ని బిగువుగా దించి, తిరిగి అసలు వ్యాసానికి నునుపు చేస్తారు. దీనిని స్లీవు వేయడం అంటారు. బాగా చేసిన స్లీవు మొదటి పోత ఇనుముకన్న ఎక్కువ కాలం మన్నుతుంది. తుప్పు పోవడానికి గరుకు కాగితంతో రుద్ది, వ్యాసం ఎంత పెరిగినా సరే అని పాత వాషరే వేయడం మాత్రం తగదు. మాస్టర్ సిలిండరుకు స్లీవు వేసేటప్పుడు మరొక జాగ్రత్త కలదు. అందులో ద్రవం వెనుకకు మళ్లడానికి సూదిమొన వంటి చిన్న రంధ్రముంటుంది. స్లీవు దానిని మూసివేస్తే వేడెక్కిన ద్రవానికి దారి లేక, బ్రేకులు వదలకుండా పట్టుకొని ఉంటాయి. తిరిగి రంధ్రం తీసినప్పుడు అంచు గరుకుగా మిగిలితే అది రబ్బరు కప్పును కోసివేస్తుంది. ఈ పనిని లేతు మిషను ఉన్న ప్రతివారికీ అప్పగించరాదు. బ్రేకు సిలిండర్ల పని చేసి చేయి తిరిగిన వానికే ఇవ్వవలెను.

డ్రమ్ముల విషయంలో, పాత కార్లనుండి ఊడదీసినవి కొనవచ్చును. అయితే మూడు పరీక్షలు అవసరం. డ్రమ్మును త్రాటికి వ్రేలాడదీసి చిన్న సుత్తితో తట్టితే కంచు మ్రోగినట్లు మ్రోగవలెను. బొంగురుగా పలికితే బీట ఉన్నదని అనుమానించవలెను. లోపలి వ్యాసం తయారీదారు విధించిన పరిమితిని దాటకూడదు. చీలిక పడ్డ డ్రమ్మును లేతులో ఎంత నునుపు చేసినా ప్రయోజనం లేదు. ఒక డ్రమ్మును కోయించినప్పుడు, అదే ఇరుసు రెండవ ప్రక్క డ్రమ్మును కూడా సమానంగా కోయించవలెను.

రబ్బరు సంగతి వేరు. రబ్బరుకు వాడకం లేకపోయినా వయసు వస్తుంది. వాషర్లు, కప్పులు, దుమ్ము పడకుండా ఉండే తొడుగులు, వంగే గొట్టాలు — ఇవి ఎంత పాత సరుకైతే అంత నిరుపయోగం. "కంపెనీ సరుకండీ, ఇరవై ఏళ్లనుండి సీలు విప్పలేదు" అని దుకాణదారు గర్వంగా చూపించే కిట్టు, ఇనుము విషయంలో ప్రశంస. రబ్బరు విషయంలో హెచ్చరిక. అందులోని పిస్టనూ స్ప్రింగూ ఉంచుకొని, రబ్బరు భాగాలను అదే కొలతలో క్రొత్తవి కొనడం వివేకం. వంగే గొట్టాలలో మరొక రహస్య దోషముంటుంది. పైకి నిగనిగలాడుతున్నా లోపల ఉబ్బి దారి మూసుకొనిపోతుంది. త్రొక్కినప్పుడు ద్రవం బలవంతంగా పోతుంది గాని తిరిగి రాదు. పెడలు వదలినా చక్రం పట్టుకొని, డ్రమ్ము కాలిపోతుంటే ఈ గొట్టాన్ని అనుమానించవలెను. ఉక్కు గొట్టాలు లోపలినుండి తుప్పు పడతాయి. వాటికి బదులు రాగి, నికెలు కలిసిన బ్రేకు గొట్టాలు వాడవచ్చు. ఉత్త రాగి గొట్టం కదలికలకు పెళుసెక్కి బీటలు వారుతుంది గనుక అది తగదు.

రబ్బరును చెప్పినప్పుడు ద్రవాన్ని చెప్పక తప్పదు. మనము దానిని బ్రేకు ఆయిలు అంటున్నాము. ఆ పేరే కొంప ముంచుతున్నది. అది ఆయిలు కాదు. ఇంజను ఆయిలో, కిరసనాయిలో, గ్రీజో బ్రేకు వ్యవస్థలో చుక్క చేరినా వాషర్లు ఉబ్బి మెత్తబడిపోతాయి. విడదీసిన భాగాలను పెట్రోలుతో కడిగే అలవాటు కూడా ఇందువల్లనే ప్రమాదకరం. తొలినాటి బ్రేకు ద్రవాలలో మన తెలుగు రైతులు పండించే ఆముదానికి ఆల్కహాలు కలిపి వాడేవారంటే ఆశ్చర్యం కలుగవచ్చు. ఆముదం సహజ రబ్బరుకు హాని చేయదు. ఖనిజ తైలం చేస్తుంది. అందుకే ఆనాడు ఆముదాన్ని ఎన్నుకొన్నారు. ఈనాడు డాట్ 3, డాట్ 4 అనే పేర్లతో దొరికేవి గ్లైకాల్ జాతి ద్రవాలు. వీటి దోషం గాలిలోని తేమను పీల్చుకోవడం. ప్రమాణం ప్రకారం తాజా డాట్ 3 కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. నూటికి సుమారు నాలుగు పాళ్ల నీరు చేరగానే ఆ హద్దు 140 డిగ్రీలకు దిగిపోతుంది. డాట్ 4 హద్దులు 230, 155. తిరుమల కొండ దిగేటప్పుడో, అరకు లోయకు పోయే ఘాట్ రోడ్డు మీదనో బ్రేకు అదేపనిగా వేస్తే ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కుకొనిపోయే గుణం కలది గనుక పెడలు నేలను తాకుతుంది. కారు మాత్రం ఆగదు. కాబట్టి భాగాలు మార్చినా మార్చకపోయినా రెండేళ్లకొకసారి ద్రవాన్ని మార్చడం మంచిది. డాట్ 5 అనేది సిలికాన్ ద్రవం. అది వీటితో కలవదు. డాట్ 5.1 తిరిగి గ్లైకాల్ జాతిదే. అంకెలు దగ్గరగా ఉన్నవని ఒకదానిలో ఒకటి పోయరాదు.

మూడవ తరగతి లైనింగులు. పాత కారుకు షూలు దొరకడం లేదని విచారించేవారు చాలామంది ఉంటారు. నిజానికి అరిగేది షూ కాదు, దాని మీది లైనింగు. ఉక్కు షూ వంగకుండా, తుప్పు తినకుండా ఉంటే దాని మీద క్రొత్త లైనింగును రివెట్లతో గాని, వేడి మీద జిగురుతో గాని అతికించవచ్చు. ఈ పని చేసే దుకాణాలు మన పట్టణాలలో, లారీల పని జరిగే పేటలలో నేటికీ ఉన్నవి. అయితే లారీ లైనింగు గట్టిగా మన్నుతుందని కారుకు కోసి వేయించరాదు. బరువైన వాహనానికి ఉద్దేశించిన లైనింగు తగినంత వేడెక్కనిదే సరిగా పట్టకపోవచ్చు. రివెటు తల లైనింగు ఉపరితలానికి లోతున ఉండవలెను. లేనిచో డ్రమ్మును గీరి చాళ్లు పెడుతుంది. ఒక ఇరుసుకు రెండు ప్రక్కలా ఒకే రకం లైనింగు, ఒకేసారి వేయించవలెను.

ఇక్కడ ఆరోగ్యానికి సంబంధించిన హెచ్చరిక ఒకటి అవసరం. పాత లైనింగులలో రాతినార ఉండేది. దాని సూక్ష్మమైన పోగులు ఊపిరితిత్తులలో చేరితే పదుల సంవత్సరాల తరువాత కాన్సరు వంటి వ్యాధులు కలుగుతాయని స్థిరపడింది. బ్రిటన్ 1999లో, ఐరోపా సమాజం మొత్తం 2005లో రాతినార వాడకాన్ని నిషేధించినవి. పాత డ్రమ్ము విప్పినప్పుడు లోపలి నల్లని పొడిని నోటితో గాని, గాలి పంపుతో గాని ఊదకూడదు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారవేయవలెను. ఊదే పని చేసే కుర్రవాడు సాధారణంగా పదహారు, పదిహేడేళ్లవాడు. ఆ పొడి ఫలితం వాడు నడివయసు చేరేనాటికి గాని తెలియదు. క్రొత్త లైనింగు కొనేటప్పుడు రాతినార లేనిదని స్పష్టంగా అడిగి కొనవలెను.

భాగాలు ఎక్కడ దొరుకుతాయి? మనకు దగ్గరలో విజయవాడ ఆటోనగరు, సికింద్రాబాదు రాణీగంజి. కొంచెం దూరంగా మద్రాసు పుదుపేట. అంబాసిడరుకు పుట్టినిల్లయిన బెంగాలులో కలకత్తా మల్లిక్ బజారు. ఈ బజారులలో కొన్ని క్రొత్త సరుకుకు, కొన్ని ఊడదీసిన సరుకుకు ప్రసిద్ధి. వెళ్లేటప్పుడు పాత భాగాన్నీ, కొలతలు వ్రాసిన కాగితాన్నీ, కాలిపరునూ వెంట తీసుకొనిపోవలెను. జిల్లా పట్టణాలలో మూతపడబోయే పాత దుకాణాలను కూడా అలక్ష్యం చేయరాదు. పెద్ద బజారులో లేని సరుకు ఒక్కొక్కప్పుడు అక్కడి వెనుక గదిలో దుమ్ము పట్టి ఉంటుంది. పాత కార్ల సంఘాల సభ్యులు పదిమంది కలిసి ఒకే కొలత వాషర్లు అడిగితే తయారీదారు అచ్చు వేయడానికి అంగీకరించవచ్చు. ఒక్కడు అడిగితే అంగీకరించడు. విదేశాలలో ఉన్న మనవారు ఈ విషయంలో తోడ్పడగలరు. మోరిస్ కార్లకు బ్రిటన్‌లో నేటికీ సంఘాలు ఉన్నవి. అయితే అక్కడి ఆక్స్‌ఫర్డ్ భాగం ఇక్కడి అంబాసిడరుకు సరిపోవునా అన్నది తిరిగి కొలతే చెప్పవలెను.

కొరత ఉన్నచోట నకిలీ ఉంటుంది. పేరున్న సంస్థ పెట్టెలో ఊరూ పేరూ లేని సరుకు పెట్టి అమ్మేవారున్నారు. ముద్రలో అక్షర దోషాలు, పోతలో గరుకుదనం, పెట్టె మీది సంఖ్యకూ భాగం మీది సంఖ్యకూ పొంతన లేకపోవడం, ధర మరీ చౌక కావడం — ఇవి గుర్తులు. బిల్లు ఇవ్వని దుకాణంలో బ్రేకు భాగం కొనకపోవడమే ఉత్తమం.

భాగాలు దొరకవని విసిగి, కొందరు క్రొత్త కారు డిస్కు బ్రేకులను మొత్తంగా తెచ్చి పాత కారుకు అమర్చుతున్నారు. నిపుణుల చేతిలో అది సాధ్యమే. కాని ముందు వెనుకల బలాల తూకం, మాస్టర్ సిలిండరు కొలత, చక్రం రిమ్ములో చోటు, అన్నీ తిరిగి లెక్కించవలసి ఉంటుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ విభాగం నియంత్రిస్తున్నది. యాభై ఏళ్లు దాటిన వాహనాలకు 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రత్యేక రిజిస్ట్రేషను ఏర్పాటు చేస్తూ, అవి మూలరూపంలో ఉండవలెనని కోరింది. కాబట్టి పెద్ద మార్పు తలపెట్టే ముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించడం మేలు.

భాగాలు బిగించిన తరువాత పరీక్షించనిదే రోడ్డెక్కరాదు. గొట్టాలలోని గాలిని పూర్తిగా తీయించి, ఇంజను ఆపి, పెడలును ఒక నిమిషం పాటు గట్టిగా త్రొక్కి పట్టుకోవలెను. మెల్లగా క్రిందికి దిగుతుంటే ఎక్కడో కారుతున్నదన్న మాట. స్పంజి వలె మెత్తగా ఉంటే గాలి మిగిలినదన్న మాట. తరువాత ఖాళీ మైదానంలో నడక వేగంతో, ఆపైన కొంచెం హెచ్చు వేగంతో ఆపి చూడవలెను. నాలుగు డ్రమ్ముల వేడిని పోల్చి చూస్తే ఏ చక్రం పని చేయడం లేదో, ఏది వదలడం లేదో తెలుస్తుంది. చేతి బ్రేకు ఒక్కటే కారును నిలుపగలదో లేదో విడిగా పరీక్షించవలెను. వారం తరువాత ప్రతి అతుకునూ పొడి గుడ్డతో తుడిచి, తడి ఉన్నదేమో చూడవలెను.

మనవారు సర్దుబాటులో ఘనులు. హారను మ్రోగకపోతే కేక వేసి బండి నడుపుతారు. తలుపు గడియ ఊడితే త్రాటితో కడతారు. ఈ నేర్పే పాత కార్లను ఇన్నాళ్లు బ్రతికించింది. దానిని తక్కువ చేయనక్కరలేదు. కాని బ్రేకు దగ్గర ఆ నేర్పుకు హద్దు ఉన్నది. అక్కడ కొలత కుదరవలెను; లేదా బండి షెడ్డులో ఉండవలెను. మూడవ దారి లేదు. సరియైన భాగం దొరకడానికి ఆరునెలలు పడితే ఆరునెలలూ ఆ కారు కదలకపోవడమే దాని యజమానికి గౌరవం.

చివరగా ఒక మనవి. ఈ కార్ల బ్రేకులు విప్పి బిగించి అన్ని కొలతలూ కంఠస్థం చేసిన మేస్త్రీలు నేడు వృద్ధులైనారు. కేటలాగులో లేని సంగతులు వారి జ్ఞాపకంలో ఉన్నవి: ఏ సంవత్సరపు బండికి ఏ సిలిండరు, ఏ వ్యాను వాషరు దీనికి సరిపోతుంది, ఏ ప్రక్క మర ఎదురు తిరుగుతుంది. పాత కారున్నవారు ఒక నోటు పుస్తకం కొని, తమ కారు ప్రతి సిలిండరు వ్యాసాన్నీ, భాగం మీది సంఖ్యనూ, మర కొలతనూ, కొన్న చోటునూ తేదీతో వ్రాసుకోవలెను. మేస్త్రీ చెప్పిన మాటను కూడా అందులో చేర్చవలెను. కర్మాగారం మూతపడిన కారుకు ఇక ఆ పుస్తకమే కర్మాగారం. కారుతోపాటు అది కూడా బిడ్డలకు అందితే, వారు ఆ కారును నడపడమే కాక, సురక్షితంగా ఆపగలుగుతారు.